తరగతి గదిలో పృచ్ఛకులేరీ?

ప్రొద్దుటూరు అవధానాల ఊరు. రాణా ప్రతాపసింహ చరిత్ర రచించిన దుర్భాక రాజశేఖర శతావధానిగారూ, శివభారత కర్త గడియారం వేంకట శేషశాస్త్రిగారూ జంటగా అవధానాలు చేసిన కాలాన్ని నేను ఎరుగను గాని, చూచినవారు చెప్పగా విన్నాను. తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధానిగారి వంటి పెద్దలు ఆ దీపాన్ని ఆరిపోనీయలేదు. కాబట్టి ఈ ఊరివారికి అవధాని అంటే ఎవరో, ధారణ అంటే ఏమిటో వివరించి చెప్పవలసిన పని లేదు. అయితే ఈ టపాలో నేను మాట్లాడదలచుకొన్నది అవధానిని గురించి కాదు. ఆయన చుట్టూ కూర్చునే ఎనిమిది మందిని గురించి.

పృచ్ఛకుడు అనే ఆ మనిషికి మన సంప్రదాయం ఇచ్చిన గౌరవాన్ని గమనించండి. వేదిక మీద ఆయనకొక ఆసనం. సభాధ్యక్షులు పేరుపేరునా పరిచయం చేస్తారు. చివర అవధానితో పాటు ఆయనకూ ఒక శాలువా. అడగడమే ఆయన పని, అడిగినందుకే ఆ సన్మానం. అడగడం కూడా ఒక విద్యే అని మనవాళ్ళు ఎప్పుడో గుర్తించారన్నమాట. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు పైకి బొత్తిగా అసంగతంగా తోచే పాదాన్ని ఇస్తాడు. కాని దానిలో ఎక్కడో ఒక సన్నని దారి వదిలిపెడతాడు. ఆ దారి కనిపెట్టడంలోనే అవధాని ప్రతిభ తెలుస్తుంది. దారి లేని సమస్య ఇచ్చినవాడు మంచి పృచ్ఛకుడు కాడు. తన పాండిత్యాన్ని ప్రదర్శించుకోవడానికి అడిగేవాడు అంతకంటే కాడు. ఇక ఎనిమిదింటిలోనూ నాకు మిక్కిలి ఇష్టమైనది అప్రస్తుత ప్రసంగం. విషయంతో సంబంధం లేని ప్రశ్న వేసి అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే అక్కడ పృచ్ఛకుని కర్తవ్యం. చూడండి, అసందర్భంగా అడిగేవానికి సైతం ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టిన సభ మనది!

ఆ సభలోంచి లేచి ఇప్పుడు ఏదైనా ఒక బడిలోకి నడవండి. అక్కడ అసందర్భంగా అడిగినవాని స్థానం బెంచీ మీద, నిలబడి.

నేను ముప్పై అయిదేళ్ళ దాకా తెలుగు పండితునిగా పనిచేశాను. బదిలీల పుణ్యమా అని జమ్మలమడుగు వైపు పల్లెల్లో కొన్నేళ్ళు, పులివెందుల వైపు కొన్నేళ్ళు, కడపట ప్రొద్దుటూరు పరిసరాల్లో. ఆ అనుభవంతో చెబుతున్నాను. మన పిల్లలు తరగతిలో ప్రశ్నలు అడగకపోవడానికి కారణం వాళ్ళకు కుతూహలం లేకపోవడం కాదు. అడిగే స్థానాన్నంతా ఉపాధ్యాయుడే ఆక్రమించుకొని కూర్చోవడం. పృచ్ఛకుని పీట పిల్లవానిది. దాని మీద మనం కూర్చున్నాము.

ఒక చిత్రం ఆలోచించండి. లోకంలో ఎక్కడైనా తెలియనివాడు తెలిసినవాణ్ణి అడుగుతాడు. పులివెందుల బస్టాండులో నిలబడి కడప బస్సు ఎన్ని గంటలకని అడిగామంటే, మనకు తెలియదు గనుక అడుగుతాము. బడిలో మాత్రం తెలిసినవాడు తెలియనివాణ్ణి అడుగుతాడు. అడిగేవానికి జవాబు ముందే తెలుసు. అది అతని చేతిలోని పుస్తకంలోనే ఉన్నది. ఇట్లా జరిగే చోటు నాకు తెలిసినంతలో బడి కాక మరొక్కటే, కోర్టు. అక్కడ వకీలు జవాబు తెలిసే ప్రశ్న వేస్తాడు, ఎదుటివాణ్ణి బోనులో పట్టుకోవడానికి. పిల్లలకు ఈ తేడా బాగా తెలుసు. ఉపాధ్యాయుడు ప్రశ్న వేయగానే వాళ్ళు ఆలోచించేది విషయాన్ని గురించి కాదు, “ఈయన నోట్లో ఏ మాట ఉంది?” అని. ఆ మాట దొరికితే బయటపడ్డట్టు. దొరకకపోతే తల వంచుకోవాలి.

ఇందులో పరాకాష్ఠ “అర్థమైందా?” అనేది. ఉపాధ్యాయ జీవితంలో మనం అన్నిటికంటే ఎక్కువసార్లు వేసే ప్రశ్న ఇదే. దీనికి శతాబ్దాలుగా ఒకే జవాబు, “అయింది సార్!” అరవై గొంతులు ఒక్కసారిగా. అది ప్రశ్న కాదు, పాఠం ముగిసిందని చెప్పే గంట. దాని తోడబుట్టినదే మాట సగంలో ఆపి పిల్లల చేత తోక పలికించడం. “రాముడు అడవికి వెళ్ళి…?” అని మనం సాగదీస్తాము, “నాడు!” అని తరగతి అరుస్తుంది. బయట వరండాలో పోతున్న ప్రధానోపాధ్యాయులకు తరగతి మహా చైతన్యవంతంగా ఉన్నట్టు వినిపిస్తుంది. లోపల ఒక్క పిల్లవాడి మెదడు కూడా కదలలేదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల్లోని మాటలను రికార్డు చేసి, గడియారం పెట్టి కొలిచారు. ఉపాధ్యాయుడు ప్రశ్న వేశాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతాడు? సుమారు ఒక్క సెకను. అంతలో జవాబు రాకపోతే మరొకరిని అడుగుతాడు, లేదా తానే చెప్పేస్తాడు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేయించి చూశారామె. పిల్లల జవాబులు పొడవయ్యాయి, “తెలియదు” అనడం తగ్గింది, అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలే ప్రశ్నలు వేయడం పెరిగింది. ఖర్చు లేని సంస్కరణ! కమిషన్లు అక్కరలేదు, నిధులు అక్కరలేదు, రెండు సెకన్ల మౌనం చాలు. అయితే ఆ రెండు సెకన్లు ఎంత కష్టమో తరగతిలో నిలబడినవారికే తెలుస్తుంది. గడియారం చూస్తూ ఆగలేము కదా! నేనొక ఉపాయం చేసుకున్నాను. ప్రశ్న వేశాక మనసులో ఒక ఆటవెలది పాదాన్ని నిదానంగా చదువుకొనేవాణ్ణి. పాదం పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. వేమన్నకు ఈ రకంగా కూడా నేను ఋణపడి ఉన్నాను.

పిల్లలు నోరు విప్పాక మరొక గండం ఉన్నది. అది భాషకు సంబంధించినది గనుక పండితునిగా కొంచెం నిదానించి చెప్పాలి. మా సీమ పల్లెల్లో పిల్లలు “ఎందుకు” అనరు. “ఏంటికి సార్?” అంటారు, “యాల సార్?” అంటారు. ఆరవ తరగతి పిల్లవాడు లేచి “యాల సార్?” అనగానే తరగతిలో కొందరు నవ్వుతారు, ఉపాధ్యాయుడు “యాల కాదు, ఎందుకు అనాలి. ఏదీ, అను” అంటాడు. వాడు “ఎందుకు” అని కూర్చుంటాడు. మాట దిద్దుబాటైంది, ప్రశ్న మాత్రం గాలిలో కలిసిపోయింది. వాడు ఆ సంవత్సరంలో మళ్ళీ లేవడు. నిజానికి ఆ “యాల” ఎక్కడిది? కావ్యాల్లో మనం వ్యాఖ్యానాలు రాసి మరీ చెప్పే “ఏల” అది! నన్నయ నాటి నుంచి వస్తున్న మాటను పల్లెటూరి పిల్లవాడు ఇంట్లోంచి తెస్తే, దాన్ని గుర్తుపట్టవలసిన పండితుడే తప్పని కొట్టివేయడం కంటే విడ్డూరం ఏమున్నది? పులివెందుల వైపు బడిలో ఒకసారి ఈ సంగతి చెప్పి, పాఠంలో “ఏల” ఉన్న చోటు చూపించాను. ఆ రోజంతా వాళ్ళకు అదే ఆట. ప్రతి దానికీ “యాల?” నాకు ఊపిరాడలేదు. కానీ నలభై నిమిషాల్లో అన్ని ప్రశ్నలు విన్న రోజు నా సర్వీసులో మరొకటి లేదు.

ఇదంతా పాతకాలపు పల్లె బడుల సంగతి, ఇప్పుడు పిల్లలు చురుకైనవాళ్ళు అనుకొనేవారికి ఒక్క ముక్క. పట్టణంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగవ తరగతి చదివే మా మనుమరాలి డైరీలో కిందటేడు ఒక సూచన వచ్చింది, పాఠం మధ్యలో అనవసరమైన ప్రశ్నలు అడుగుతున్నది, తల్లిదండ్రులు గమనించవలెను అని. ఏమడిగావమ్మా అంటే, “చెట్టు ఆకులు రాలిపోతే దానికి ఆకలి కాదా అని అడిగినా తాతా” అన్నది. ఆకు ఆహారం తయారు చేస్తుందన్నది ఆ రోజు పాఠం. ఆ పిల్ల పాఠాన్ని విని, అర్థం చేసుకొని, ఒక అడుగు ముందుకు వేసింది. దానికి దొరికినది ఎర్ర సిరా. మా అబ్బాయి ఆ సూచన కింద సంతకం పెట్టి పంపాడు. నేనైతే పెట్టేవాణ్ణి కాను.

మన ప్రాచీనులు ఇట్లా ఉన్నారా? ప్రశ్నోపనిషత్తు అని ఒక ఉపనిషత్తుకు ప్రశ్న పేరే పెట్టుకొన్న జాతి మనది. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు పట్టుకొని పిప్పలాద మహర్షి దగ్గరకు వెళతారు. ఆయన వెంటనే ఉపదేశం మొదలుపెట్టడు. ఒక సంవత్సరం ఇక్కడ ఉండండి, తరువాత మీకు ఇష్టమైనది అడగండి, మాకు తెలిసి ఉంటే చెబుతాము అంటాడు. మూడు మాటలూ గమనించదగినవే. ఏడాది ఆగమన్నాడు, అంటే ప్రశ్న పక్వం కావాలన్నాడు. ఇష్టమైనది అడగమన్నాడు, అంటే సిలబస్ వాళ్ళదే. ఇక, తెలిసి ఉంటే! అంతటి ఋషి ఆ షరతు పెట్టుకొన్నాడు. మన శిక్షణ కళాశాలల్లో పాఠ్యపథకం రాయడం నేర్పుతారు గాని, ఈ “తెలిసి ఉంటే” అనే మాట పలకడం నేర్పరు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన పుస్తకాల్లోనే ఉన్నది. ప్రహ్లాద చరిత్రను పాఠంగా చెప్పని తెలుగు పండితుడుండడు. చండామార్కుల బడి నుంచి వచ్చిన కొడుకును హిరణ్యకశిపుడు, నీవు చదివినదానిలో మంచిదేదో చెప్పు అని అడుగుతాడు. నిజానికి ఎంత మంచి ప్రశ్న! అవుననో కాదనో తేల్చేది కాదు, పుస్తకం చూసి చెప్పేది కాదు, పిల్లవాడు తన మనసులోకి చూచుకొని చెప్పవలసినది. చిక్కంతా ఎక్కడంటే, అడిగినవానికి తాను కోరిన జవాబు తప్ప మరొకటి అక్కరలేదు. పిల్లవాడు నిజం చెప్పాడు. ఆ తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. మంచి ప్రశ్న అడిగితే చాలదు, వచ్చే జవాబును భరించగలగాలి. తరగతిలో నేను ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలకంటే ఎక్కువగా నాకే చెప్పుకొన్నట్టుండేది.

సరే, విమర్శ ఎంతైనా చేయవచ్చును. చేసి చూచిన పని ఒకటి చెబుతాను. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపరాయికి కరవు లేదు. ఇంటి నేలకు బండే, గోడకు బండే, చేను గట్టుకు బండే. ఒక బడిలో వరండా పరిచాక ఒక పెద్ద నల్లబండ మిగిలిపోయింది. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టించి, పక్కన ఒక డబ్బాలో సుద్దముక్కలు పెట్టాను. ఎవరైనా ఏదైనా అడగవచ్చు. పేరు రాయనక్కరలేదు. వారంలో నేను దాని జోలికి రాను. శనివారం చివరి పీరియడులో చదువుతాము. ఇవీ నియమాలు. మొదటి రెండు వారాలు బండ మీద సినిమా నటుల పేర్లూ, ఒకరి మీద ఒకరు చాడీలూ తప్ప మరేమీ లేవు. తుడిచివేసి ఊరుకున్నాను. మూడవ వారం ఒక్క ప్రశ్న వచ్చింది. పండగ అయినంత సంతోషం కలిగింది నాకు. పిల్లలే దానికి అడుగుబండ అని పేరు పెట్టారు. వాకిట్లో అడుగు పెట్టే బండ, అడిగే బండ. శ్లేషాలంకారం ఏ పండితుడూ చెప్పకుండానే వచ్చింది!

ఆ మొదటి ప్రశ్న ఇది: “గండికోట కాడ ఏరు కొండ సుట్టూ పోకుండా మజ్జలో నుంచి యాల పోయింది?” గండికోటకు జమ్మలమడుగు కూతవేటు. ఆ పిల్లలందరూ ఆ లోయను చూచినవాళ్ళే. నేనూ ఎన్నోసార్లు చూశాను, వర్ణించాను, పెమ్మసాని నాయకుల చరిత్ర చెప్పాను, 1650లో మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకొన్న సంగతి చెప్పాను. నీరు పల్లమెరుగు అని సామెత కూడా చెప్పాను. ఆ సామెతకే అడ్డం తిరిగిన ప్రశ్న ఇది! నీరు పల్లానికి పోయేదైతే ఎదురుగా ఉన్న కొండను ఎందుకు కోసింది? సైన్సు మాస్టారిని పిలిపించాను. ఆయన కొన్నాళ్ళు చదివి వచ్చి పిల్లలకు చెప్పినది ఇంత: కొండ ముందు, ఏరు తరువాత అని మనం అనుకొంటాము. ఏరే ముందు ఉండి, దాని కింది నేల మెల్లమెల్లగా పైకి లేస్తూ ఉంటే, ఏరు తన దారి వదలకుండా కోసుకుంటూ పోవచ్చు. పై పొరల మీద పారిన ఏరు ఆ పొరలు కొట్టుకొని పోయాక కింది గట్టి రాతిలో చిక్కుకొని పోవచ్చు. భూగర్భ శాస్త్రజ్ఞులు నదీలోయలను గురించి సరిగ్గా ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారట. ఇక తెలుగు పండితుని వంతుగా నేను “గండి” అనే మాట పట్టుకొన్నాను. గండి పడిన చోట కోట గనుక గండికోట. అట్లాగైతే వేంపల్లె దగ్గర ఆంజనేయస్వామి గండి ఏమిటి సార్ అన్నారు. అక్కడ పాపఘ్ని కొండల నడుమ నుంచి వస్తుంది. రెండు ఏళ్ళు, రెండు గండ్లు, ఒక మాట. ఒక పిల్లవాని అప్రస్తుత ప్రసంగం నుంచి మూడు వారాల పాఠం పుట్టింది.

ఆ తరువాత బండ ఖాళీగా లేదు. ఌ, ౡ అక్షరాలతో మొదలయ్యే మాట ఒక్కటైనా ఉందా, లేకపోతే మాచేత ఎందుకు రాయిస్తారు? చనిపోయినవాళ్ళ పేరు ముందు కీర్తిశేషులు అంటారు, కీర్తి లేనివాళ్ళను ఏమనాలి? (దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.) సామెతలన్నీ ఆడవాళ్ళను తిట్టేవే ఎందుకున్నాయి? ఇది ఆడపిల్ల చేతిరాత. తరగతిలో ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్లలు ఎందరో బండ దగ్గర విప్పారు.

తరువాత పులివెందుల వైపు బదిలీ అయినప్పుడు అక్కడా ఒక బండ పెట్టించాను. వేరుశనగ చేలూ, చీనీ తోటలూ, ఎండిపోయిన బోర్లూ ఉన్న ఊరది. ఒక సోమవారం దాని మీద ఈ ప్రశ్న ఉన్నది: “బాకీ ఉన్నోళ్ళు సచ్చిపోతే ఆ బాకీ ఎవురు కట్టాల?”

చేతిరాత ఎవరిదో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఏమి జరిగిందో ఊరికంతా తెలుసు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. శనివారం మిగిలిన ప్రశ్నలతో పాటు దాన్నీ మామూలుగా చదివి, దీనికి జవాబు నాకు తెలియదు, కనుక్కొని చెబుతాను అన్నాను. మరుసటి వారం పులివెందులలో ఒక వకీలుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన ఓపికగా చెప్పాడు. తండ్రి వదిలిన ఆస్తి ఎంత సంక్రమిస్తే అంతవరకే వారసులకు బాధ్యత. కొడుకు కావడం ఒక్కటే కారణంగా తండ్రి అప్పు తీర్చితీరాలన్న పాత ధర్మశాస్త్ర నియమాన్ని 2005లో వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ తీసివేసింది, ఆ తరువాత చేసిన అప్పులకు అది వర్తించదు. శనివారం తరగతిలో ఇదే చెప్పాను. చట్టం మాట ఇది, ఊరిలో మాట వేరుగా ఉంటుంది, రెండూ తెలిసి ఉండాలి అని కూడా చెప్పాను. గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. ఒక పిల్లవాడు గుమ్మం దగ్గర ఆగి, “సార్, ఆ సవరణ సంగతి ఇంగోసారి చెప్పండి, మాయమ్మకు చెప్పాల” అన్నాడు. కాగితం మీద రాసిచ్చాను. వకీలుగారి చిరునామా కూడా.

భాషాప్రవీణలో ఋణాన్ని గురించి నేను చదువుకున్నది దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. పిల్లవాడు అడిగిన పితృఋణం అది కాదు. ఆ ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు, దానికి మార్కులు లేవు. వాని జీవితంలో ఆ సంవత్సరం దానికంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నదా?

ఇక్కడ తోటి ఉపాధ్యాయులు అడిగేది నాకు తెలుసు. సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు? పదవ తరగతి ఫలితాలకు ఎవరు జవాబు చెబుతారు? న్యాయమైన ప్రశ్నే. వారానికి ఒక్క పీరియడు పోతుంది, దానిని నేను దాచను. దాని బదులు మిగిలిన పీరియడ్లలో పిల్లలు మెలకువగా ఉంటారు. ఇది లెక్కగా రుజువు చేయలేను, చేసినవారందరూ ఒప్పుకొంటారు. పాఠ్యపుస్తకాలు మారితే అన్నీ మారతాయనుకొన్న రోజులూ ఉన్నాయి. 2005 జాతీయ ప్రణాళిక చట్రం, దాని అడుగుజాడల్లో మన రాష్ట్రంలో 2011 పరిధి పత్రం, ఆ తరువాత వచ్చిన తెలుగు వాచకాలు నిజంగా మంచివి. ఆలోచించండి–మాట్లాడండి అన్నారు, సొంత మాటల్లో రాయండి అన్నారు. ఏడాది తిరగకుండా గైడ్లు వచ్చాయి. ఆలోచించవలసిన దానికి జవాబు ఉన్నది, సొంత మాటలు కూడా అచ్చు వేసి ఉన్నాయి! ఊరి పిల్లలందరూ ఒకే సొంత మాటలను బట్టీపట్టి రాశారు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు పిన్నవయసులో రాసిన పెనుగొండలక్ష్మి, తరువాత ఆయనే విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆయనకే పాఠ్యగ్రంథమై ఎదురైన సంగతి మనవాళ్ళు ముచ్చటగా చెప్పుకొంటారు. నేను ఆ ముచ్చటను మరొక రకంగా తలచుకొంటాను. “కవి హృదయాన్ని వివరింపుము” అన్న ప్రశ్నకు సాక్షాత్తూ ఆ కవే జవాబు రాసినా, గైడులో ఉన్నట్టు లేకపోతే ఈనాడు మార్కులు పడతాయా?

బట్టీ అన్నాను గనుక ఒక మాట. కంఠస్థం చేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఈ మధ్య విద్యావేత్తలు దాన్ని ఒక రోగంలాగా మాట్లాడుతున్నారు, నాకది నచ్చదు. నోటికి వచ్చిన పద్యం మనిషి వెంట ఉంటుంది. చదివిన నలభై ఏళ్ళకు ఒక రాత్రి నిద్రపట్టనప్పుడు దానిలోంచి ఒక ప్రశ్న లేస్తుంది. నాకు లేచింది. ధారణ లేని అవధాని లేడు కదా! పద్యాన్ని బట్టీపట్టండి, ప్రశ్నకు జవాబును మాత్రం వద్దు.

ఎట్లా మొదలుపెట్టాలని అడిగే యువ ఉపాధ్యాయులకు నేను చెప్పే తేలిక దారి ఊరి పేర్లు. జవాబు మనకు తెలియని ప్రశ్న వేయడం అలవాటు కావాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. మీ ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రండి అంటే చాలు. పులివెందుల పులుల మంద అంటారు. పులులు మందగా తిరుగుతాయా అని ఒక పిల్ల అడిగింది. జమ్మలమడుగులో మడుగు తెలుస్తూనే ఉన్నది, జమ్మంటే గడ్డి అని ఒకరు, జంబుల అన్నది పాత పేరని మరొకరు. ప్రొద్దుటూరును పండితులు బ్రధ్నపురి చేశారు, బ్రధ్నుడంటే సూర్యుడు. తెలుగు పొద్దు ముందా, సంస్కృత బ్రధ్నం ముందా? ఈ పనిలో చదువుకొన్న ఇంటి పిల్లలకంటే, ముసలమ్మలున్న ఇంటి పిల్లలు ఎక్కువ తెస్తారు. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు సార్ అని తల వంచుకొనే పిల్ల, మా జేజి చెప్పింది అని తల ఎత్తి చెబుతుంది. ఆ ఎత్తిన తలను నేను పది చోట్ల చూశాను.

అట్లాగే కలమళ్ళ. తొలి తెలుగు శాసనం ఏది అన్నది ఒక మార్కు బిట్టు. కలమళ్ళ అని పిల్లలు నిద్రలో కూడా చెబుతారు. ఎర్రగుంట్ల మండలంలో, రాయలసీమ తాప విద్యుత్కేంద్రం ఉన్న ఊరే అది అని చెబితే ఆశ్చర్యపోతారు. క్రీ.శ. 575 ప్రాంతం, రేనాటి చోళుల ధనంజయుడు అని నేను చెబుతూ ఉండగా ఎనిమిదవ తరగతి పిల్ల అడిగింది: “అంతకు ముందు మనోళ్ళు తెలుగు మాట్లాడలేదా సార్?” తొలి అన్న మాటకు ఇన్నేళ్ళు మేము చెప్పిన అర్థం ఆ ఒక్క ప్రశ్నతో కదిలింది. మాట్లాడారమ్మా, రాయించలేదు అన్నాను. “మరి అప్పుడు యాల రాయించినారు?” సంస్కృతప్రాకృతాలు రాజ్యమేలుతున్న కాలంలో ఒక చిన్న రాజు తన జనం మాటను రాతికి ఎందుకు ఎక్కించాడన్నది పెద్ద పెద్ద చరిత్రకారుల ప్రశ్న. ఆ కాలపు శాసనాల్లో మన వర్ణమాలలోంచి జారిపోయిన ఒక అక్షరం ఉన్నదని, దానికి యూనికోడులో 2014లో చోటు దొరికిందని చెప్పి, నా ఫోనులో ఴ అని చూపించాను. దాని పేరేంటి, ఎట్లా పలకాలి, ఎందుకు పోయింది, మళ్ళీ తెస్తే ఎవరు వాడతారు? గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇప్పుడు ఉద్యోగం లేదు గనుక ఆదివారాలు మా వీధి పిల్లలను పోగుచేసి ఒక ఆట ఆడుతున్నాము. అవధానమే, కాకపోతే ఎనిమిది మంది పృచ్ఛకులూ పిల్లలే, అవధాని పీట మీద ఏ ఆదివారం దొరికిన పెద్దవాడు ఆ ఆదివారం. మొన్న ఒక బంగారు అంగడి యజమానిని కూర్చోబెట్టారు. వన్నె ఎట్లా చూస్తారు, గీటురాయి నల్లగానే ఎందుకుండాలి అని మొదలుపెట్టి చెమటలు పట్టించారు. అప్రస్తుత ప్రసంగం ఆసనం కోసం పోటీ ఎక్కువగా ఉన్నందువల్ల చీట్లు వేయవలసి వస్తున్నది. వచ్చే ఆదివారం పీట మీద నేను. చీటీ మా మనుమరాలికి పడింది. ఏమడుగుతుందో చెప్పడం లేదు.